పులిసిన గంజిలో సున్నం

మా వైపు మామిడితోటల్లో కాయ కోడిగుడ్డంత కాగానే దానికి కాగితపు కవరు తొడుగుతారు. ఈగ కుట్టదు, మచ్చ పడదు, రంగు సమంగా వస్తుంది. ఆ కవరు చెట్టు మీదే ఎండకూ మంచుకూ, వేసవిలో ఉన్నట్టుండి కురిసే గాలివానకూ నెల దాటి వేలాడాలి. కాగితం మందంగా ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. తట్టుకోనిది అతుకు. మైదా జిగురు పెడితే చీమలు పడతాయి, వాన తగిలితే విడిపోతుంది. డబ్బాల్లో వచ్చే రసాయనాల జిగురు పెడితే అతుకు నిలుస్తుంది గానీ, కోత అయ్యాక ఆ కవర్లు ఎరువులో కలవవు.

పుంగనూరులో ఒకామె చింతగింజల పిండితో ఈ అతుక్కి ఒక జిగురు చేసింది. వానకు విడిపోదు, చీమ ముట్టదు. ఒక కాలేజీ వాళ్ళు సాయం చేస్తే పేటెంటు కూడా వచ్చింది. ఆ పేటెంటు రద్దు చేయాలని జిగుర్లు తయారు చేసే ఒక పెద్ద కంపెనీ అర్జీ పెట్టింది. వాళ్ళ వాదనలో ముఖ్యమైంది ఒకటే: ఇందులో కొత్త ఆలోచన ఏమీ లేదు, ఈ పని తెలిసిన ఎవరికైనా ఇది ఇట్టే తడుతుంది.

నేను మదనపల్లెలో మా ఇంట్లోనే కూర్చుని చెన్నైలోని ఒక పేటెంటు న్యాయవాది దగ్గర పని చేస్తాను. చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. వాదించడం నా పని కాదు. పాత పేటెంట్లు, పత్రికల్లో వచ్చిన వ్యాసాలు, పుస్తకాలు వెతికి, ఏది ముందే ఉంది, ఏది కొత్తది అని పట్టిక వేసి పంపడం నా పని. పుంగనూరు ఆమె తరఫున జవాబు ఇవ్వాల్సింది మా న్యాయవాదే. ఆవిడ నాకు ఫోన్ చేసి చెప్పింది.

"ముందు నువ్వు నిజంగా ఏమనుకుంటున్నావో రాయి. నిలబడదంటే ఇప్పుడే ఆమెకు చెప్పేద్దాం. గడువు రెండు నెలలు. ఆమెకు ఆశ చూపించి లాగడం నాకు ఇష్టం లేదు."

అంటే మొదటి తీర్పు నాదే. అది నాకు నచ్చలేదు. కుప్పంలో కవర్లు చేసే యంత్రాలున్న ఒకాయన ఆ జిగురుతో పని మొదలుపెడతానని, పుంగనూరు ఆమెతో ఒప్పందం రాసుకుంటానని అన్నాడట. అర్జీ సంగతి తెలిశాక ఆగిపోయాడు. పేటెంటు పోతే ఎవరైనా ఆ జిగురు కాచుకోవచ్చు, ఆమెతో ఒప్పందం ఎందుకు? ఆమె, ఆమె భర్త అప్పటికే కూలిపని మానేసి ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకున్నారు. షెడ్డు ఉంటుందా, మళ్ళీ చింతపండు మండీలో గింజలు కొట్టే పనికి పోవాలా అన్నది ఆ ఒప్పందం మీద ఉంది. ఒప్పందం పేటెంటు మీద ఉంది. పేటెంటు ఆ వారం నా పట్టిక మీద ఉంది.

పట్టిక వేశాను. కంపెనీ వాళ్ళు మూడు పాత పత్రాలు చూపించారు. మొదటిది, చింతగింజల పిండి కాచి కాగితానికీ నూలుకూ జిగురుగా వాడటం. ఇది ఎప్పటి నుంచో ఉంది. రెండోది, పాలు విరగ్గొట్టి, ఆ విరుగుడు ముద్దలో సున్నం కలిపి చెక్కలు అతికించే జిగురు. ఇదీ పాతదే, నీళ్ళకు బాగా నిలుస్తుంది. మూడోది, పిండి జిగుర్లు చెడిపోకుండా ఏ మందులు కలపాలో చెప్పే వ్యాసం. పుంగనూరు ఆమె పేటెంటులో ఉన్నది ఏమిటి? చింతగింజల గంజి. అది పులిసి ఉండాలి. అందులో సున్నపు తేట. అంతే. మొదటి పత్రం నుంచి గంజి, రెండో పత్రం నుంచి పులుపూ సున్నమూ. ఒకదాని పక్కన ఇంకోటి పెడితే ఆమె జిగురు వచ్చేస్తుంది. ఖాళీ గడి ఒక్కటీ మిగల్లేదు.

మధ్యాహ్నం వరకు ఆ పట్టిక వంకే చూస్తూ కూర్చుని, నిలబడదు అని ఒక వాక్యం రాశాను. పంపలేదు. ఆమెను చూడకుండా పంపడం సరికాదనిపించి మర్నాడు పుంగనూరు బస్సెక్కాను.

షెడ్డు కనుక్కోవడానికి అడ్రసు అవసరం లేకపోయింది. వీధి మొదట్లోనే వాసన వచ్చింది. మజ్జిగ మూడు రోజులు మరిచిపోయిన ఇంటి వాసన. ఆమెకు నలభై దాటి ఉంటాయి. పెద్ద అల్యూమినియం డేగిసాలో కర్రతో గంజి తిప్పుతూ ఉంది. భర్త గడప దగ్గర కూర్చుని కవర్ల అంచులు మడుస్తున్నాడు.

"చెన్నై నుంచి వస్తాండావా అప్పా?" అన్నాడు ఆయన.

"కాదన్నా, మదనపల్లె నుంచే."

"మదనపల్లె నుంచి వస్తే గెలిపిస్తావా, చెన్నై నుంచి వస్తే గెలిపిస్తారా? అది చెప్పు ముందు."

"ఆ పిల్లోన్ని కూర్చోనీ," అంది ఆమె. "వచ్చీరాంగానే కోర్టు పెడతాండాడు సూడు. నువ్వు కూర్చో నాయనా. ఆడ కాదు, ఆడ గంజి పడిండాది, ప్యాంటు అంటుకుంటే రాదు."

"రాదంటే రాదప్పా," అన్నాడు ఆయన. "నా పంచె ఒకటి ఇంకా ఆ బండకే ఉండాది."

నేను అడగాల్సినవి రాసుకుని వెళ్ళాను. పిండి ఎంత మెత్తగా ఆడిస్తారు, ఎంతసేపు కాస్తారు, సున్నం ఎప్పుడు కలుపుతారు. ఆమె కొలతలు చెప్పలేదు, చేసి చూపించింది. గంజి మొత్తం వాడేయదు. అడుగున రెండు దోసిళ్ళు మిగిల్చి, దాని మీదే కొత్త గంజి పోస్తుంది. మూత పెట్టి మూడు రోజులు ముట్టదు. నాలుగో రోజు, పులిసి పలచబడిన గంజిలో సున్నపు తేట పోసి కలుపుతుంది.

"పాత గంజి ఎందుకు మిగిలిస్తావక్కా?"

"రాగి అంబలికి మిగిల్చమా? నిన్నటిది రెండు గరిటెలు లేకుంటే అంబలి పులుస్తాదా? ఇదీ అట్లనే అనుకున్నా. అలవాటు. కుండ కడిగి కొత్తగా మొదలుపెట్టేది మా ఇండ్లలో లేదు."

"మరి సున్నం?"

ఆమె నవ్వింది. జవాబు భర్త చెప్పాడు.

"కంపు. పక్కింటామె తగాదాకు వచ్చింది. మీ ఇంట్లో ఏం సచ్చిండాదో తీసేయండి అని. అప్పుడు ఇంటికి కొట్టగా మిగిలిన సున్నం బకెట్లో ఉంటే ఈయమ్మ దాంట్లో పోసేసింది. కంపు తగ్గింది. దాంతోనే కవర్లు అంటించి ఊరికే బయట ఆరేసినాము. రాత్రి వాన. పొద్దున సూస్తే ఒక్కటీ విడిపోలేదు. నేనైతే దేవుడు అనుకున్నా. ఈయమ్మ సున్నం అనింది."

"దేవుడికి పేటెంటు ఇయ్యరు కదా," అంది ఆమె.

ఈ కథ వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ చట్టానికి ముచ్చట లెక్కలోకి రాదు. పొరపాటున దొరికిందా, ఆలోచించి కనుక్కుందా అన్నది చట్టం అడగదు. ఆ పని తెలిసిన మామూలు మనిషి, పాత పత్రాలన్నీ చదివినవాడు, కొత్తది కనిపెట్టాలన్న తెలివి ప్రత్యేకంగా లేనివాడు, ఈ మూడింటినీ ఇలా కలుపుతాడా లేదా అని మాత్రమే అడుగుతుంది. ఆ మనిషి ఎక్కడా ఉండడు. ఊహించుకోవాలి. నేను ఊహించుకున్న మనిషి నాలాగే ఎమ్మెస్సీ చదివి, మూడు పత్రాలూ ముందు పెట్టుకుని, జవాబు తెలిసి కూర్చుని ఉన్నాడు. వాడికి అన్నీ ఇట్టే తడతాయి.

వచ్చేటప్పుడు ఒక సీసాలో పాత గంజి అడిగి తెచ్చుకున్నాను. పత్రాలు ఏమి చెప్పినా, జిగురు ఏం చెబుతుందో చూడాలనుకున్నాను. వంటింట్లో రెండు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో ఆమె పద్ధతిలో, పాత గంజి వేసి మూడు రోజులు పులియబెట్టేది. రెండోది నాలుగో రోజు పొద్దున తాజాగా కాచేది. ఒక్కోదాన్నీ సున్నం కలిపీ కలపకుండా, మొత్తం నాలుగు రకాలు. ఒక్కో రకంతో కొన్ని కవర్లు అతికించి, ఆరాక బకెట్ నీళ్ళలో ముంచి, ఏది ముందు విడిపోతుందో చూడాలి. మా అమ్మకు చెప్పాను, ఇది ఆఫీసు పని, గిన్నెలు కదిలించొద్దని. కదిలించనని అంది.

నాలుగో రోజు పొద్దున బ్యాంకులో పనుండి వెళ్ళి వచ్చి ప్రయోగం మొదలుపెట్టాను. పులిసిన గిన్నె మూత తీసి పీహెచ్ కాగితం ముంచితే పులుపు చూపించలేదు. ఇంకోటి ముంచాను. అంతే. వాసన కొద్దిగా ఉంది గానీ గంజి చిక్కగా, తెల్లగా, కొత్తగా కాచినట్టే ఉంది. సరేనని సున్నపు తేట పోశాను. గంజి విరిగి ఉండలు కట్టింది. ఆ ఉండలతోనే కవర్లు అతికించాను. సాయంత్రం నీళ్ళలో వేస్తే చేతిలోనే విడిపోయాయి. తాజా గంజిలో సున్నం కలిపినదీ అచ్చం అలాగే విడిపోయింది.

ఇది నేను భయపడినదాని కన్నా ఘోరం. ఇట్టే తడుతుంది అనే వాదన ఒకటుంది. పేటెంటులో రాసినట్టు చేస్తే జిగురు రాదు అనేది ఇంకో వాదన, కంపెనీ వాళ్ళ అర్జీలో చివర్న అదీ ఉంది. అది నిజమైతే మొదటి వాదన అవసరమే లేదు. పుంగనూరుకు ఫోన్ చేశాను.

"అక్కా, మా ఇంట్లో పులవలేదు."

"పులవకుండా యాడికి పోతాది నాయనా? నేనిచ్చిన గంజి పోసినావు కదా?"

"పోసినా."

వెనక నుంచి భర్త గొంతు. "మదనపల్లెలో సలి కదమ్మే. గంజి దుప్పటి కప్పుకోని పండుకోనుంటాది."

"నువ్వు ఊరికే ఉండు. ఏం నాయనా, ఇప్పుడేమైతాది? పోయినట్టేనా?"

ఏమీ కాదక్కా, మళ్ళీ చేస్తాను అన్నాను. నా గొంతులో నమ్మకం లేదని నాకే తెలిసింది. ఆమెకూ తెలిసే ఉంటుంది.

అన్నం తినేటప్పుడు మా అమ్మ మామూలుగా అడిగింది.

"గంజి బాగుండిందా? చిక్కగానే కాసినానే."

"ఏ గంజి?"

"ఆ పెద్ద గిన్నెలోదిరా. పులిసిపోయి కంపు కొడతా ఉండింది. నువ్వు బ్యాంకుకు పోయినాక పారబోసి, నీ పిండి ఆడనే ఉంటే మళ్ళా కాసి, అదే గిన్నెలో పోసి పెట్టినా. గిన్నె కదిలించొద్దంటివి కదా, ఉన్న సోటే పెట్టినా."

నేను చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాను.

"యాల పారబోసినావమ్మా?"

"పులిసిన గంజి పారబొయ్యక ఏం సేస్తారు? ఉంచుకుంటే మా నాయనైతే కొట్టేవాడు."

మా అమ్మ పుట్టిల్లు పెద్దతిప్పసముద్రం పక్కన పల్లె. వాళ్ళ నాయన కంబళ్ళు నేసేవాడు. కంబళి పడుగు దారాలు బిగువుగా ఉండటానికి చింతగింజల గంజి పూస్తారు. పెళ్ళయ్యేదాకా ఆ గంజి కాచింది మా అమ్మే. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ, నేను వెతుకుతున్న మనిషికీ మా అమ్మకూ సంబంధం ఉందని తట్టలేదు.

"పులిస్తే ఏమవుతుంది?" అని అడిగాను, ఈసారి కూర్చుని.

"పలచనైపోతాది, పట్టు ఉండదు. కంపుకు ఎలకలొచ్చి కంబళి కొరుకుతాయి. ఏ పూట గంజి ఆ పూటకే. మిగిలితే గేదెకు కూడా పెట్టరు."

"సున్నం వేస్తే?"

"గంజిలో సున్నమా?" ఆమె నన్ను కాసేపు చూసింది. "విరిగిపోదా? నీకు ఆఫీసులో ఇట్లాంటివే సెప్తాండారా?"

నేను పట్టిక మళ్ళీ తెరిచాను. ఈసారి మూడు పత్రాలనూ మా అమ్మ చదువుతున్నట్టు చదివాను. మొదటి పత్రం, గంజి ఏ రోజుకారోజు కాచుకోవాలి అంటోంది. మూడో పత్రం మొత్తం పులుపు రాకుండా ఆపే మందుల గురించే. పులుపు అంటే చెడిపోవడం, అది రాకూడదు. రెండో పత్రంలో పాలు పులియబెట్టి విరగ్గొట్టడం ఉంది, నిజమే. కానీ ఆ తర్వాత విరుగుడును నీళ్ళతో కడిగి పులుపంతా తీసేసి, అప్పుడు సున్నం కలపమంటున్నారు. అంటే మూడింటిలో ఏదీ పులుపును ఉంచుకోమని చెప్పడం లేదు. మూడూ పారబోయమనే చెబుతున్నాయి. ఆ మూడూ చదివిన మామూలు మనిషి తాజా గంజి కాచి, ధైర్యం చేస్తే అందులో సున్నం కలుపుతాడు. ఉండలు కడుతుంది. అక్కడితో ఆపేస్తాడు. ఆ ఉండలు నా బకెట్‌లో ఉన్నాయి.

రెండోసారి, సీసాలో మిగిలిన పాత గంజితో మొదలుపెట్టి, గిన్నెలు నా గదిలో మంచం కింద పెట్టుకున్నాను. మా అమ్మ మూడు రోజులు ఆ గది ఊడవలేదు. పీహెచ్ కాగితం ఈసారి ముంచగానే ఎర్రబడింది. సున్నపు తేట పోస్తే ఉండలు కట్టలేదు. పులుపు మొదట సున్నాన్ని మింగేస్తుంది, గంజి దాకా మెల్లగా వెళ్ళనిస్తుంది, అందుకే సమంగా కలుస్తుందని నా ఊహ. ఊహ కాబట్టి నివేదికలో ఊహ అనే రాశాను. సున్నం లేని పులిసిన గంజితో అతికించిన కవర్లు నీళ్ళలో వెంటనే విడిపోయాయి. సున్నం ఉన్నవి మర్నాటికీ విడిపోలేదు. కాగితం చిరిగింది గానీ అతుకు వదల్లేదు.

మా న్యాయవాదికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వింది.

"ఇన్నేళ్ళుగా ఆ మామూలు మనిషి ఎవరా అని వాదిస్తున్నాం. మీ వంటింట్లో ఉందన్నమాట. కానీ మీ అమ్మ ప్రమాణపత్రం పనికిరాదు, నువ్వు మా ఆఫీసు మనిషివి. అలాంటి వాళ్ళను బయట చూడు. ఇంకో మాట. ఆమె పేటెంటు హక్కు కోరిన మొదటి క్లెయిములో ఏ గింజ పిండైనా అని రాసి ఉంది కదా. అది నిలబడుతుందా?"

"నిలబడదు మేడమ్. చింతగింజ తప్ప వేరేది ఆమె చేసి చూడలేదు."

"అయితే అది మనమే వదిలేద్దాం. మిగిలినదానికి గట్టిగా నిలబడదాం."

మా అమ్మ పుట్టింటి పల్లెలో ఇంకా కంబళ్ళు నేసే ఇద్దరు పెద్దవాళ్ళు, పులిసిన గంజి పారబోయడమే తమకు తెలుసని ప్రమాణపత్రాలు ఇచ్చారు. ఆ తర్వాత కవర్ల పనివాళ్ళ కోసం కుప్పం వెళ్ళాను. యంత్రాలున్న ఆయన షెడ్డు రైల్వేస్టేషనుకు దూరమేమీ కాదు. పక్కనే గ్రానైటు కోసే చోటు. అన్నిటి మీదా తెల్ల దుమ్ము. ఆయన టీ తెప్పించి మొహమాటం లేకుండా అన్నాడు.

"నాకు ఆయమ్మ మీద కోపం లేదప్పా. కానీ చింతగింజలు, సున్నం. ఇది ఎవరికి తెలీదు? కంపెనీ వాళ్ళు అడిగేదాంట్లో న్యాయం ఉండాదనిపిస్తాది."

"మీరు ఇప్పుడు ఏ జిగురు వాడతాండారు?"

"వానాకాలం డబ్బా జిగురు. మిగతా రోజులు చింతగింజల గంజే."

"సాయంత్రానికి మిగిలితే?"

"మిగిలితే కాలవలో పోస్తాం."

"ఎన్నాళ్ళుగా?"

"మా నాయన ఉన్నప్పటి నుంచి."

"ఎవరైనా ఒక్కసారి దాచినారా?"

"దాచేదానికి అది బిరియానీనా? పులిసిపోతాది కదప్పా. పులిసినాక యాల..." ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. కాలువ వైపు చూశాడు. తర్వాత లోపలికి చూసి, గంజి కాచే మనిషిని పిలిచి, "ఏం సామీ, పులిసిన గంజితో కవరు అతికించమంటే అతికిస్తావా?" అని అడిగాడు.

"పని మానుకుంటా," అన్నాడు ఆ మనిషి.

ఇద్దరూ ఆ మాటలనే పద్ధతిగా రాసి ప్రమాణపత్రాల మీద సంతకాలు పెట్టారు. ఒప్పందం కావలసినవాడు కదా అని యజమాని సాక్ష్యాన్ని కంపెనీ వాళ్ళు విచారణలో తోసిపుచ్చబోయారట. కంబళి నేతగాళ్ళ మాటను, బయటి ల్యాబులో మళ్ళీ చేయించిన నా బకెట్ పరీక్ష ఫలితాలను తోసిపుచ్చడం కష్టమైంది. నేను విచారణకు వెళ్ళలేదు. ఆ రోజు పని చేస్తున్నట్టు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క గడి కూడా నింపలేదు.

ఆదేశం రావడానికి నెలలు పట్టింది. వచ్చిన రోజు మా న్యాయవాది చివరి పేరా మాత్రం చదివి వినిపించింది. పేటెంటు ఉంటుంది. మేము వదిలేసిన భాగం పోయింది, చింతగింజల పులిసిన గంజీ సున్నపు తేటా ఉన్న భాగం నిలిచింది. పాత పత్రాలు పులుపును చెడుగా చూశాయే తప్ప వాడుకోమని ఎక్కడా సూచించలేదు, జవాబు తెలిశాక వెనక్కి చూసి సులువనడం కుదరదు అని రాశారట. అప్పీలుకు అవకాశం ఇంకా ఉంది, అయినా మొదటిసారి భుజాల మీది బరువు దిగినట్టనిపించింది.

పుంగనూరుకు ఫోన్ చేసి చెప్పాను.

"ఇంకొక తూరి సెప్పు నాయనా. స్పీకర్లో పెడతా. నేను సెప్తే ఈయప్ప నమ్మడు."

మళ్ళీ చెప్పాను. భర్త నుంచి ఏ ఛలోక్తీ రాలేదు. ముక్కు చీదిన శబ్దం మాత్రం వినిపించింది.

ఆ తర్వాతి వారం ముగ్గురం పుంగనూరులో బస్సెక్కి పలమనేరులో మారి కుప్పం వెళ్ళాము. ఒప్పందం మీద ఆమె సంతకం పెట్టాలి, యంత్రం దగ్గర మొదటి గంజి ఆమే పెట్టాలి. దానికి పాత గంజి కావాలి. మూత బిగించిన పాల క్యానులో తెచ్చుకుంది. బిగించినా వాసన ఆగదు. ముందు సీటాయన తువ్వాలు మూతికి కట్టుకున్నాడు. కండక్టరు వచ్చి క్యాను వైపు వేలు చూపించాడు.

"ఏందన్నా ఇది? మనుషులెక్కల్లా వద్దా?"

"పేటెంటు," అన్నాడు భర్త.

"ఏ టెంటైనా సరే, ఎనక సీటుకు పెట్టుకోండి."

వెనక సీటుకు మారాము. కిటికీలన్నీ తీశాము. క్యాను తొణక్కుండా నేనూ భర్తా రెండు వైపులా కాళ్ళతో అదిమి పట్టుకున్నాము. ఒప్పందంలో ఏమేమి చూసుకోవాలో వరసగా చెప్పబోయి ఆమె వైపు తిరిగాను. వి.కోట ఇంకా రాలేదు, ఆమె కిటికీ కమ్మీకి తల ఆనించి నిద్రపోతోంది. భర్త నా చేతి మీద చెయ్యి వేశాడు.

"లేపొద్దప్పా," అన్నాడు. "శానా దినాలైంది."